నాలుక బయటపెట్టిన కేబుల్ టై

విడివిడిగా ఉన్నవాటిని ఒక్కచోటికి చేర్చి బిగించడం, ఆ తర్వాత వాటిలో ఒకదాన్ని బయటికి తీయాలంటే దరఖాస్తు పెట్టుకోమనడం. పరిపాలన అనే మహాశాస్త్రం మొత్తం ఈ రెండు సూత్రాల మీదే నిలబడి ఉంది. ఈ రెండింటికీ ఒకే వస్తువులో రూపమిచ్చిన మేధావి ఎవరో నాకు తెలియదు గానీ, ఆ వస్తువు పేరు కేబుల్ టై. (మెడకు కట్టుకునే టై వేరు. దాన్ని సాయంత్రానికి విప్పుకోవచ్చు.)

మీరు చూసే ఉంటారు. టీవీ వెనకాల, కంప్యూటరు బల్ల కింద, లిఫ్టు పక్క గోడ మీద వైర్లను కట్టగా పట్టి ఉంచే సన్నటి ప్లాస్టిక్ పట్టీ అది. ఒక చివర చిన్న తల, తలలో ఒక రంధ్రం, రంధ్రంలో ఒక నాలుక. పట్టీ పొడవునా సన్నటి పళ్లు. తోకను తలలో దూర్చి లాగితే పళ్లు ఒక్కొక్కటే నాలుకను దాటుకుంటూ టకటకమని ముందుకు పోతాయి. వెనక్కి మాత్రం రావు. ఎంత లాగినా రావు, బతిమాలినా రావు. ఇక కోయడమే. మనం ఏదో ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్ల లాగా అన్నమాట.

ఈ వైరు కట్టే వస్తువుతో మా ఇంటికి ఏర్పడిన వైరం గురించీ, దాన్ని తీర్చడానికి మా వదిన పడ్డ పాట్ల గురించీ, ఆ పాట్లను వ్యవస్థ ఆదరించిన తీరు గురించీ ఈ వారం మనవి చేసుకుంటాను.

మా అన్నయ్య ఒక పెద్దాసుపత్రిలో వైర్‌మన్. ఏడంతస్తుల ఆ భవనంలో పైకప్పు పలకల వెనక పరుగెత్తే వైర్లన్నీ ఆయనకి దగ్గరి బంధువుల్లా తెలుసు. ఏది ఎవరింటికి వెళుతుందో, ఏది ఎవరి పక్కన కూర్చోదో చెప్పగలడు. ఆసుపత్రికి తరచూ కొత్త యంత్రం వస్తుంది. దానికో కొత్త వైరు. ఆ వైరును పాత కట్టలో కలపాలంటే దారి పొడవునా ఉన్న టైలన్నీ కోసి, వైరు వేసి, మళ్లీ కొత్త టైలు బిగించాలి. కోసే కట్టరు దూరని సందుల్లో బ్లేడుతోనే పని. నిచ్చెన మీద నిలబడి, మెడ వెనక్కి విరిచి, పళ్ల మధ్య టార్చి పట్టుకుని.

ఆ రోజు బ్లేడు జారింది. కుడి బొటనవేలి మొదట్లో నరం తెగింది.

ఆయన ఎక్కిన నిచ్చెన నాలుగో అంతస్తులో, ఆపరేషన్లు చేసే వార్డులోనే ఉంది. పది అడుగుల దూరంలో సర్జను గారు టీ తాగుతున్నారు. అయితే ఆసుపత్రి ఉద్యోగి రోగిగా మారాలన్నా ముందు గేటు దగ్గర చీటీ రాయించుకోవలసిందే. అన్నయ్య చేతికి గుడ్డ చుట్టుకుని నాలుగంతస్తులు దిగి, వరసలో నిలబడి, చీటీ తీసుకుని, నాలుగంతస్తులు ఎక్కి, అదే వార్డుకి, అదే సర్జను గారి దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆయన టీ అయిపోయింది. (చీటీలో ‘ప్రమాదం జరిగిన స్థలం’ అన్నచోట ‘ఇక్కడే’ అని చెప్పినందుకు కొంత ఆలస్యమైంది.)

నరం అతికింది గానీ వేలు వంగడం మానేసింది. బొటనవేలు వంగని మనిషి కట్టరు నొక్కలేడు, బ్లేడు పట్టలేడు. టై కోయలేని వైర్‌మన్‌ని ఏం చేసుకోవాలో తోచక ఆసుపత్రి వారు ఆయనకి ఫ్యాన్ల రిజిస్టరు అప్పగించారు. రోజూ పొద్దున్నే అన్ని వార్డులూ తిరిగి ఫ్యాన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయాలి. మొదటి రోజు నాలుగు వందల పద్దెనిమిది ఉన్నాయి. రెండో రోజూ నాలుగు వందల పద్దెనిమిదే. మూడు నెలలు గడిచేసరికి ఫ్యాన్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు గానీ అన్నయ్యలో వచ్చింది. ఇంట్లో మాట తగ్గిపోయింది. భోజనానికి కూర్చుని కూడా తల పైకెత్తి చూసేవాడు.

“మనింట్లో మూడేనండీ. లెక్కయిపోయింది, తినండి” అనేది వదిన.

వదిన ఒక చిన్న ప్లాస్టిక్ కార్ఖానాలో అచ్చులు గీస్తుంది. సీసా మూతలు, దువ్వెనలు, స్విచ్చు పెట్టెలు, వాటితోపాటు రోజుకి వేల కొద్దీ కేబుల్ టైలు ఆ అచ్చుల్లోంచే వస్తాయి. అంటే అన్నయ్య ఆ రోజు కోయబోయిన టై వదిన గీసిందే అయి ఉండే అవకాశం పుష్కలంగా ఉంది. ఈ మాట ఇంట్లో ఎవరమూ అనలేదు. ఆవిడే ఒకరోజు గిన్నెలు తోముతూ తోముతూ ఆగి అంది.

“ఇన్నేళ్లూ బిగించడం గురించే గీశానయ్యా. విప్పేవాడి చెయ్యి ఎలా ఉంటుందో ఒక్కసారైనా అనుకోలేదు.”

ఆ మర్నాడే పని మొదలుపెట్టింది. ఆలోచన చిన్నదే. తలలో దాక్కున్న నాలుకను కాస్త పొడిగించి బయటికి తెస్తే, దాని కొసను గోటితో నొక్కగానే అది పళ్లను వదిలేస్తుంది. టై విప్పుకుంటుంది. మళ్లీ దూర్చి లాగితే మళ్లీ బిగుస్తుంది. విప్పే టైలు బజార్లో అసలు లేకపోలేదు. వాటికి రెండు చేతులు, మంచి వెలుతురు, కొంత తీరిక కావాలి. పైకప్పు వెనక ఈ మూడూ దొరకవు. ఒంటి చేత్తో, ఏదో ఒక వేలితో, చీకట్లో విప్పగలిగేది కావాలని వదిన పట్టుదల.

మొదటి నమూనా గాలికి ఊగినా విప్పుకునేది. నాలుగోది నొక్కితే విరిగింది. తొమ్మిదోది వదిన గోటికి లొంగింది, నా గోటికి లొంగలేదు. ప్రయోగాల కోసం నా కుడి బొటనవేలిని అరచేతికి ప్లాస్టరుతో అతికించి వారం రోజులు అలాగే తిరగమంది. (ఆ వారం ఈ శీర్షికలో అచ్చుతప్పులు ఎక్కువయ్యాయని ఉత్తరాలు రాసిన పాఠకులకు ఇదే నా సంజాయిషీ.) అన్నయ్య ఇదంతా చూసీ చూడనట్టు పేపరు చదువుకునేవాడు. పదకొండో నమూనా బల్ల మీద ఉండగా ఒక సాయంత్రం దాన్ని ఎడంచేత్తో తీసుకుని, కళ్లు మూసుకుని, అటూ ఇటూ తడిమాడు.

“చీకట్లో ఇది వేలికి తెలీదు” అన్నాడు.

వదిన పెన్సిలు పట్టుకుని ఆయన వైపే చూస్తోంది.

“నాలుకకి అటూ ఇటూ రెండు గట్లు పెట్టు. వేలు జారుకుంటూ వెళ్లి ఆ గట్ల మధ్యన పడాలి. అప్పుడు పక్క వైరు తగిలినా నొక్కుకోదు. మనిషి కావాలని నొక్కితేనే నొక్కుకుంటుంది.”

మూడు నెలల్లో ఆయన అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. వదిన అప్పటికప్పుడే గట్లు గీసింది.

పదిహేడో నమూనా నిలబడింది. కిటికీ చువ్వకి కట్టి పది ఇటుకలు వేలాడదీస్తే రెండు రోజులు కదల్లేదు. నొక్కితే పువ్వులా విచ్చుకుంది. ఒకే టైని రెండు వందల సార్లు బిగించి విప్పాం. అన్నయ్య లెక్కపెట్టాడు. (ఆయనకి అందులో అనుభవం ఉంది.)

కార్ఖానా యజమాని దాన్ని రెండుసార్లు విప్పి, రెండుసార్లు బిగించి, “బాగుందమ్మా. ఆమోదముద్ర తీసుకురా, అచ్చు పోయిస్తాను” అన్నాడు. ఆసుపత్రి స్టోరు కీపరూ అదే మాటన్నాడు. ముద్ర లేని టై ఆయన గుమ్మం దాటి లోపలికి రాదు.

ముద్ర వేసేది కట్టు మరియు బిగింపు సాధనాల ఆమోద సంస్థ. దరఖాస్తు ఫోనులోనే పెట్టుకోవాలి. ఆ యాప్ పేరు ‘సులువు’. అందులో అరవై ఒక్క ప్రశ్నలున్నాయి. దరఖాస్తుదారు ఎత్తు ఎంత, టై పొడవు ఎంత, రెండింటిలో ఏది ఎక్కువ, వగైరా. ముప్పై నాలుగో ప్రశ్న దాకా నావ సాఫీగానే సాగింది. అక్కడ ‘కట్టిన పిదప ఎన్నిసార్లు విప్పవచ్చును?’ అని ఉంది. వదిన 200 అని కొట్టింది. యాప్ ఎర్రబడింది. ‘దయచేసి సరైన సంఖ్య నమోదు చేయగలరు. సరైన సంఖ్య: 0.’

“సున్నా కొట్టేద్దాం వదినా. ఎవరు చూడొచ్చారు?” అన్నాను.

“రెండొందల సార్లు విప్పిందెవరు? నీ చేత్తోనే కదా విప్పావు.”

“విప్పాననుకో. వాళ్లకి సున్నా అయితే సంతోషం. వాళ్ల సంతోషం మనమెందుకు కాదనాలి?”

“సున్నా అని రాసి ముద్ర తెచ్చుకుంటే, అది విప్పుకోదని నేనే సంతకం పెట్టినట్టు. రేపు పైన నిచ్చెన మీదున్నవాడు ఆ ముద్ర చూసి మళ్లీ బ్లేడు తీస్తాడు” అంది వదిన. ఫోను నా చేతిలోంచి తీసేసుకుంది.

కాబట్టి మేం స్వయంగా ఆఫీసుకు వెళ్లాం.

ఆ సంస్థ పనితనం గుమ్మంలోనే తెలిసిపోతుంది. గోడ వెంట వెళ్లే వైర్ల కట్టలో ఎప్పుడో పొరపాటున ఒక కుర్చీ కాలు కూడా కలిపి బిగించేశారట. కోయడానికి అనుమతి ఇంకా రాలేదు. అప్పటినుంచి వచ్చినవాళ్లలో ఒకరు ఆ కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుంటున్నారు. ఆ రోజు ఆ ఒకరు నేను. అందుచేత కింది సంభాషణ మొత్తం నేను వీపుతో విన్నది.

వదిన ఎదుట కూర్చున్నది నిర్వచనాధికారి. ఏది ఏమిటో చెప్పడం ఆయన ఉద్యోగం.

“నిబంధన నాలుగు వినండమ్మా. ‘కట్టు అనగా ఒకసారి బిగించిన పిదప విడిపోనిది.’ మీది విడిపోతోంది. కాబట్టి ఇది కట్టు కాదు.”

“విడిపోదండీ. మనం విప్పితే విప్పుకుంటుంది, అంతే.”

“విడిపోవడానికీ విప్పుకోవడానికీ మా నిబంధనల్లో తేడా లేదు.”

“మరి మీ ఫైళ్లకి కట్టిన తాడు? ఇప్పుడే కదండీ విప్పారు.”

“అది ముడి. ముళ్లు మా పరిధిలోకి రావు” అన్నారాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. తర్వాత నమూనాను వెలుతురులో పెట్టి చూడటానికి కాబోలు, కిటికీ రెక్క తీసిన చప్పుడైంది. “పైగా ఇది నాలుక బయటపెడుతోందమ్మా. ఇన్నేళ్ల సర్వీసులో నా ముందు ఏ టై కూడా నాలుక బయటపెట్టలేదు.”

బిగించడానికీ విప్పడానికీ వీలున్న వస్తువు తాళం అవుతుంది కనక మూడో అంతస్తులో తాళాల విభాగానికి వెళ్లమన్నారు. వెళ్లాం. అక్కడి అధికారిణి నమూనాను అటూ ఇటూ తిప్పి చూసింది.

“తాళంచెవి ఏదండీ?”

“గోరేనండీ తాళంచెవి” అంది వదిన.

“డూప్లికేటు?”

“పది ఉంటాయండీ. అందరికీ.”

“అందరి దగ్గరా చెవి ఉంటే ఇక తాళం ఎందుకండీ?” అంది అధికారిణి. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. మేం మళ్లీ కిందికి దిగాం.

నిర్వచనాధికారి మంచి మనిషి. (ఈ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఆయన మాకు రెండుసార్లు మంచినీళ్లు ఇప్పించారు.) వస్తువు ఏమిటో తేలకపోయినా దాని బలం తేల్చడానికి అభ్యంతరం లేదంటూ పరీక్షల గదికి రాసిచ్చారు.

ఆ గదిలో లాగుడు మాస్టారు ఉంటారు. అసలు హోదా ఏదో పొడుగ్గా ఉంది గానీ అందరూ పిలిచేది అదే. టైలను లాగి చూడటం ఆయన పని. ముప్పై ఏళ్లుగా లాగుతున్నారు. మనిషి సన్నగా ఉంటారు, ముంజేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి తగిలించుకున్నట్టుంటాయి. బరువులు వేలాడదీసే పరీక్షలో మా టై మిగతావాటికంటే ఎక్కువే మోసింది. ఇక మిగిలింది మానవ ప్రయత్న పరీక్ష. పరీక్షకుడు వట్టి చేతులతో ఒక గంట సేపు టైని విప్పడానికి ప్రయత్నించాలి, విఫలం కావాలి. నాలుక సంగతి ఆయనకి ముందుగా చెప్పకూడదు, చెబితే పరీక్ష చెల్లదు.

మాస్టారు లాగారు. మెలిపెట్టారు. మోకాలితో అదిమిపెట్టి లాగారు. మేం ఎదురుగా బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాం. నలభై నిమిషాలకి ఆయన నుదురు తుడుచుకుని, “గట్టి పిండమే తల్లీ” అని మెచ్చుకున్నారు. వదిన ముఖం వెలిగింది. యాభై తొమ్మిదో నిమిషం దాటాక, ఆయన ఇక చాలనుకుని దాన్ని బల్ల మీద పెట్టబోతుండగా, చూపుడువేలు గట్ల మధ్యకి జారింది. టై నెమ్మదిగా విచ్చుకుంది.

ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం.

“భలే పెట్టావమ్మా” అన్నారు మాస్టారు మెల్లగా. మళ్లీ బిగించి, మళ్లీ నొక్కారు. మళ్లీ బిగించారు. ఆ తర్వాత పెన్ను తీసి నిజాయితీపరుడు కాబట్టి ఉన్నదున్నట్టు రాశారు. ‘యాభై తొమ్మిది నిమిషాలు ప్రతిఘటించింది. అరవయ్యో నిమిషంలో సహకరించింది.’

పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. బలం తృప్తికరమే అయినా, సహకరించే గుణం ఉన్నందువల్ల సదరు వస్తువు తిరస్కరించబడింది. అయితే సంస్థ నిర్దయమైనది కాదు. చివర్లో ఒక సలహా ఇచ్చింది. ‘ఆమోదము కోరువారు నాలుకను లోపలనే ఉంచుకొనవలెను.’

ఆ సాయంత్రం అన్నయ్య ఉత్తరం రెండుసార్లు చదివి మడిచాడు.

“ఆ నాలుక కోసేసి పంపించు. మిగతాదంతా బాగుందని వాళ్లే రాశారుగా. ముద్ర వస్తుంది, కార్ఖానాలో నీకు పేరొస్తుంది.”

“నాలుక తీసేస్తే అది పాతదే కదండీ.”

“పాతదైతే ఏం? ఊరంతా పాతదాంతోనే బతుకుతోంది.”

“ఊరి కోసం గీశాననుకున్నారా?” అంది వదిన.

అన్నయ్య కుడిచెయ్యి చొక్కా జేబులో పెట్టుకుని, “నా ఫ్యాన్లు నాకున్నాయిలే” అని లేచి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చేశాడు. వదిన ఆ పదిహేడు నమూనాలనూ ఒక డబ్బాలో వేసి, బీరువా పైన పెట్టేసింది. ఆవిడ ఏదైనా పైన పెట్టేసిందంటే ఇక దించదు. ఆ బీరువా పైన ఒక హార్మోనియం కూడా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. లాగుడు మాస్టారు. పరీక్షకు ఇచ్చిన పదిహేడో రకం నమూనాలు పన్నెండు, వాటిని తిరిగి అప్పగించి సంతకం తీసుకోవాలన్నది నిబంధన. సంచీలోంచి తీసి బల్ల మీద పేర్చారు. ఆరే ఉన్నాయి.

“మిగతా ఆరు...” అని ఆగి మాస్టారు మంచినీళ్లు తాగారు. “తప్పేనమ్మా. ముప్పై ఏళ్లలో ఆఫీసు సరుకు ఒక్కటైనా ఇంటికి తీసుకెళ్లి ఎరగను. ఇవెందుకో జేబులో వేసుకున్నాను. మా ఆవిడ చూసింది. ఇక ఇవ్వనంటోంది.”

“ఉంచుకోనివ్వండి మాస్టారూ. ఏం చేస్తున్నారావిడ వాటితో?”

“బాల్కనీలో తీగకి కట్టింది. ఇన్నాళ్లూ పాత టైలే కట్టేది. తీగ లావెక్కగానే పట్టీ ఒరుసుకుని కాడ తెగిపోయేది. ఇప్పుడు లావెక్కినప్పుడల్లా గోటితో నొక్కి ఒక పన్ను వదులు చేస్తోంది. నేను ఇంటికి తెచ్చినవాటిలో ఆవిడ మెచ్చుకున్నది ఇదొక్కటే అనుకో.”

వదిన సంతకం పెట్టడానికి తీసుకున్న పెన్ను అలాగే పట్టుకుని కూర్చుంది.

“తీగకా?” అంది.

“తీగకే.”

“మాస్టారూ, తీగలకి కట్టేవాటికి ముద్ర ఎవరేస్తారు?”

“వాళ్లు వేరే. ఉద్యానశాఖ వాళ్లు. మా పక్క భవనమే. ఒక్క కాగితం నింపి ఇస్తే చాలు.”

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య పేపరు దించాడు. మన భాష గొప్పతనం గురించి సభల్లో చాలామంది చాలా చెప్పారు. పందిరి మీదికి పాకేదాన్నీ, కరెంటు మోసుకుపోయేదాన్నీ ఒకే మాటతో ‘తీగ’ అని పిలిచిన పెద్దలకు ఆ మధ్యాహ్నం మా ఇల్లు మొత్తం రుణపడిపోయింది.

మర్నాడు ఉద్యానశాఖ వారి కాగితం తెచ్చాను. ఆకుపచ్చ కాగితం. అయిదే ప్రశ్నలు. ‘దేనికి కట్టుదురు?’ అన్నచోట వదిన గుండ్రంగా ‘తీగలకు’ అని రాసింది. ‘విప్పుటకు వీలగునా? (వీలుకాని కట్లు తీగకు హానికరము. అట్టివి తిరస్కరింపబడును.)’ అని ఉంది. ‘వీలగును, రెండు వందల సార్లు’ అని రాసింది. కలం మూసి కాగితం నా వైపు తిప్పింది.

“చూడు. ఇందులో అబద్ధం ఎక్కడైనా ఉందా?”

చూశాను. ఒక్క అక్షరం లేదు. నేను నింపిన దరఖాస్తుల్లో ఇంత నిజాయితీ గలది ఇంకొకటి లేదు.

నాలుగు రోజుల్లో ఆకుపచ్చ ముద్ర పడింది. కార్ఖానా యజమాని ముద్ర రంగు పట్టించుకోకుండా అచ్చు పోయించాడు. ఇక మిగిలింది ఆసుపత్రి స్టోరు కీపరు. ఆయన ముద్రను కళ్లద్దాలతో ఒకసారి, కళ్లద్దాలు తీసి ఒకసారి చూశాడు.

“ఇది తోట సామానుకి వేసే ముద్ర కదయ్యా” అన్నాడు అన్నయ్యతో.

“అవునండీ.”

“మన తోటలో ఉన్నవి రెండు కుండీలు. అందులో ఒకటి పగిలిపోయింది.”

“తీగలు మాత్రం ఏడు కిలోమీటర్ల దాకా ఉన్నాయండీ, పైన.”

స్టోరు కీపరు పైకప్పు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఈయన కూడా పూర్వం నిచ్చెనలు ఎక్కినవాడేనని తర్వాత తెలిసింది. ఎడంచేతి చూపుడువేలు సగమే ఉంటుంది.

“ఎన్ని కావాలి?” అన్నాడు.

“ముప్పై వేలు.”

సంతకం పెట్టేశాడు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. తోట సామాను తోట సిబ్బందే వాడాలి, వైర్‌మన్ ముట్టుకోకూడదు. ఆ చిక్కు కూడా ఆయనే విప్పాడు. వారం తిరిగేసరికి అన్నయ్యకి బదిలీ కాగితం వచ్చింది. కొత్త హోదా: తోటమాలి (పైకప్పు). ఫ్యాన్ల రిజిస్టరు ఖాళీ అయిన మధ్యాహ్నమే దాని కోసం ఏడుగురు దరఖాస్తు పెట్టుకున్నారు.

మొదటి రోజు నేను కూడా వెళ్లాను, చూద్దామని. నాలుగో అంతస్తు, అదే వార్డు. అన్నయ్య నిచ్చెన ఎక్కాడు. పలక పక్కకి జరిపి, ఎడంచెయ్యి లోపలికి పెట్టి, మొహం మాత్రం నా వైపు తిప్పుకుని ఉన్నాడు. వేళ్లు వెతుక్కుంటున్నాయని ఆయన కనుబొమలు చెబుతున్నాయి. చిన్న చప్పుడైంది. ఎక్కడో పైన కట్ట వదులైంది. కొత్త వైరు లోపలికి పాకింది. టకటకమని మళ్లీ బిగుసుకుంది. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. అన్నయ్య చెయ్యి బయటికి తీసి అటూ ఇటూ చూసుకున్నాడు. ఎక్కడా గీత లేదు.

“ఆ రెండో వైరు కూడా అందించరా” అన్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే వదిన ఆయన చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి, ముందూ వెనకా చూసి వదిలేసింది. భోజనాల దగ్గర అన్నయ్య గంటసేపు మాట్లాడాడు. ఏ వైరు ఎక్కడికి వెళుతుందో, ఎవరెవరు దానికి అన్యాయంగా ముడులు వేశారో అంతా చెప్పాడు. నాకు సగం అర్థం కాలేదు. వదిన మాత్రం మధ్యమధ్యన, “ఆ పక్కనే కదండీ మలుపు” అంటూ ఉంది.

కథ ఇక్కడితో ముగిసేదే. కానీ కాగితాలకి కాళ్లుంటాయి. ముప్పై వేల తీగ కట్లు, ఏడు కిలోమీటర్ల తీగలు, ఒక ప్రత్యేక తోటమాలి అనే వివరాలు నడుచుకుంటూ ఉద్యానశాఖకి చేరాయి. ఒకే కప్పు కింద ఇంత పెద్ద తీగల తోట ఇంకెక్కడా లేదని వారు గుర్తించారు. మూడో నెలలో ఇద్దరు తనిఖీ అధికారులు వచ్చారు. అన్నయ్య మర్యాదగా నిచ్చెన వేసి పట్టుకున్నాడు. వారిలో పెద్దాయన పైకెక్కి, టార్చి వేసి, నాలుగు వైపులా చూసి, దిగి, చేతులు తుడుచుకుని, చిన్నాయన చేత అక్కడికక్కడే నివేదిక రాయించారు.

ఆ నివేదిక నకలు నా దగ్గరుంది. ‘తీగలు ఏపుగా పెరిగియున్నవి. కట్టిన తీరు మిక్కిలి తృప్తికరము. ఆకులు మాత్రము లేవు. ఇందుకు కారణము సిబ్బంది నిర్లక్ష్యమే. రేపటినుండి ఉదయము, సాయంత్రము తప్పక నీళ్లు పోయవలెను.’